కృతజ్ఞత అలవాటు: డైరీయా, ఉత్తరమా, మొదటి ముద్ద ముందు ఒక్క నిమిషమా?

మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాని మీద ధ్యాస పెట్టే అభ్యాసం, మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది కొన్నాళ్ళకి కృతజ్ఞత దగ్గరికి వస్తారు. కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టడం కుదరనివాళ్ళకి, రోజులో జరిగిన మంచిని గుర్తు చేసుకోవడం తేలిగ్గా అనిపిస్తుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో గుంటూరు అరండల్‌పేటలోనో మంచి అట్ట ఉన్న డైరీ కొంటారు, వారం పది రోజులు రాస్తారు, ఆపేస్తారు. ఆపేశాక ఇలాంటివి మన వల్ల కావని తేల్చేసుకుంటారు. నేను చూసినంతలో వాళ్ళలో ఎక్కువమందికి పడనిది డైరీ ఒక్కటే. దారులు ఇంకా చాలా ఉన్నాయి. మీ పని వేళలు, మీ ఇల్లు, మీ మనసు ఇప్పుడు ఎలా ఉందో చూసుకుని వాటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఏ పద్ధతినైనా నేను ఒక్క ప్రశ్నతో తూచి చూస్తాను. ఇది చేస్తుంటే "ఇది ఎవరి వల్ల జరిగింది?" అన్న ఆలోచన వస్తోందా, లేదా? "ఈరోజు బాగా గడిచింది" అని రాసుకుంటే అది సంతోషం, మంచిదే. కానీ మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు లైన్‌మన్ ఆ ఎండలో స్తంభం ఎక్కబట్టి అరగంటలో ఫ్యాన్ తిరిగిందని గమనిస్తే, అక్కడ ఒక మనిషి కనిపించాడు. మన రోజు ఎంతమంది చేతుల మీదుగా నడుస్తోందో చూడగలగడమే ఈ అలవాటులో అసలు విషయం. ఆ ప్రశ్నకి చోటు లేని పద్ధతిని నేను ఎవరికీ చెప్పను.

రాసేవాళ్ళకి: రోజూనా, వారానికోసారా

రాయడం మీద పరిశోధన బాగానే జరిగింది. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే అమెరికన్ సైకాలజిస్టులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు వారానికోసారి చొప్పున 10 వారాలు, కృతజ్ఞత అనిపించిన విషయాలు ఐదు దాకా రాశారు. ఇంకొందరు ఆ వారం తమని చిరాకు పెట్టినవి రాశారు. మొదటివాళ్ళు తమ జీవితం మీద ఎక్కువ తృప్తి చెప్పారు, ఒంట్లో నలతలు తక్కువ చెప్పారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. అదే అధ్యయనంలో మరో భాగంలో నరాలు, కండరాల జబ్బులున్న పెద్దవాళ్ళు 21 రోజులు రోజూ రాస్తే, వాళ్ళకి నిద్ర కూడా మెరుగైంది.

2005లో మార్టిన్ సెలిగ్మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం ఇంకోలా చేసి చూసింది. ప్రతి రాత్రీ ఆరోజు బాగా జరిగిన మూడు విషయాలు రాయాలి, ఒక్కొక్కటి ఎందుకు జరిగిందో కూడా రాయాలి. అదీ ఒక్క వారమే. ఆర్నెల్ల తర్వాత అడిగినా వాళ్ళలో తేడా కనిపించింది. వారం అయిపోయాక కూడా ఎవరూ చెప్పకుండా తమంతట తాము రాస్తూ వచ్చినవాళ్ళలో మరీ బాగా కనిపించింది. ఈ పద్ధతి గురించి విన్నవాళ్ళు "మూడు" అన్నది గుర్తుపెట్టుకుంటారు, "ఎందుకు" అన్నది వదిలేస్తారు. నా దృష్టిలో ఆ మూడు లేకపోయినా నష్టం లేదు, ఒక్కటి చాలు. ఎందుకు అన్నది మాత్రం ఉండాలి.

మరి రోజూ రాయాలా? సోన్యా లుబమిర్‌స్కీ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగంలో వారానికి ఒకసారి రాసినవాళ్ళకి మేలు కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్ళకి అంతగా కనిపించలేదు. రోజూ రాసిన ఆ జబ్బువాళ్ళకేమో మేలు జరిగింది. ఈ రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: మనసు బాగా చెదిరి ఉన్న రోజుల్లో, ఇల్లు మారడం, ఉద్యోగం టెన్షన్, ఆసుపత్రి తిరుగుళ్ళు ఉన్నప్పుడు, ఒకటి రెండు వారాలు రోజూ రాయండి. మామూలు రోజుల్లో ఆదివారం ఒక్కసారి చాలు. రోజూ అయితే రాయడానికి ఏమీ దొరక్క చేతికొచ్చిందల్లా రాస్తాం.

"అమ్మ, ఆరోగ్యం, ఉద్యోగం" అని మూడు మాటలు రాసి మూసేసిన పేజీ నెల తర్వాత చదివితే ఏమీ గుర్తురాదు. ఇలాంటి పేజీ గుర్తుంటుంది: "బెంజ్ సర్కిల్ దాటాక వాన మొదలైంది. ఆటో ఆయన బండి పక్కకి ఆపి, దిగి, నా వైపు పరదా దించి తాడు కట్టాడు. నేను అడగలేదు. ఆయన చొక్కా తడిసింది, నా సర్టిఫికెట్ల ఫైలు తడవలేదు." నాలుగు వాక్యాలు, ఒక మనిషి. డైరీ పద్ధతి ఎంచుకుంటే ఇలా రాయండి. 30, 40 రూపాయల నోటుబుక్ చాలు. ఖరీదైన డైరీ అయితే మంచి మాటలే రాయాలన్న భయం పట్టుకుంటుంది.

ఫోన్ యాపులు నాకు నచ్చవు. ఫోన్ తీస్తే చేయి వాట్సాప్ మీదికి పోతుంది, అక్కడితో సరి. కానీ రాయడం అలవాటు లేని పెద్దవాళ్ళకి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ మాత్రం వరమే. మంచం మీద పడుకుని రెండు నిమిషాలు మాట్లాడి పెట్టుకోవచ్చు. వాళ్ళ గొంతు ఇంట్లో పిల్లలకీ మిగులుతుంది.

డైరీ ఎవరికి కుదరదో కూడా చెప్పాలి. మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డులోనూ కమిషన్ కొట్లలోనూ పని చేసేవాళ్ళు ఇల్లు చేరేసరికి రాత్రి అవుతుంది. ఆ ఘాటుకి కళ్ళూ చేతులూ మండుతుంటాయి. స్నానం చేసి నాలుగు మెతుకులు తింటే చాలనిపిస్తుంది. నర్సులు, రాత్రి డ్యూటీ బస్సు డ్రైవర్లు, చంటిపిల్లల తల్లులు, వీళ్ళెవరినీ రాయమనడం న్యాయం కాదు. వీళ్ళకి ఇంకో దారి ఉంది.

ఎటూ తినే అన్నంతోనే

జాన్ కబాట్‌జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు మొదలుపెట్టారు. 8 వారాల ఆ కోర్సులో బాగా పేరుపడ్డ అభ్యాసం ఒక ఎండు ద్రాక్షని చూసి, తాకి, వాసన చూసి, నెమ్మదిగా నమలడం. మనకి ద్రాక్షపండు వెతకనక్కర్లేదు, కంచంలో మొదటి ముద్ద ఉంది. తిన్నాక "అన్నదాతా సుఖీభవ" అనడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ మాట నోటితో పాటు మనసులోంచి కూడా రావాలంటే ఒక్క నిమిషం ఆగాలి.

ఎలాగంటే, టీవీ ఆపి, ఫోన్ బోర్లించి, మొదటి ముద్ద కలిపి చేతిలో పట్టుకోండి. అన్నం వేడి వేళ్ళకి తెలుస్తుంది. గోంగూర పులుపు నాలుక మీద పడకముందే నోట్లో నీళ్ళూరతాయి. ఇక ఆ ప్రశ్న వేసుకోండి. ఈ బియ్యం తెనాలి వైపు పొలాల నుంచో గుడివాడ వైపు నుంచో వచ్చి ఉంటాయి. ఆ పొలాలకి నీళ్ళు 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచి కాలువల్లో వెళ్తాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ మధ్యలోంచే పోతాయి, మనం రోజూ వంతెనల మీద దాటుతూ చూడం. బ్యారేజీ కంటే ముందు 1855 నాటికే అక్కడ ఆనకట్ట ఉండేది, దాన్ని కట్టిన కూలీల పేర్లు ఎవరికీ తెలియవు. ఈ చేలో నడుం వంచి నాట్లు వేసిన ఆడవాళ్ళ పేర్లూ మనకి తెలియవు. ఇక గోంగూర ఏరి కడిగినవాళ్ళు పక్కనే ఉన్నారు, వాళ్ళ పేరు తెలుసు.

ఇంత ఆలోచన ప్రతి ముద్దకీ అక్కర్లేదు. పూటకి ఒక్క పదార్థం తీసుకోండి. ఈ పూట ఉప్పు, రేపు పెరుగు. మార్చకుండా రోజూ ఒకే మాట అనుకుంటే నెల తిరిగేసరికి నోటిపాఠం అయిపోతుంది. ఈ పద్ధతికున్న బలహీనత అదొక్కటే. ఖర్చు లేదు, ప్రత్యేకంగా టైమ్ తీయక్కర్లేదు, మర్చిపోయే వీలూ లేదు, ఎందుకంటే మూడు పూటలా ఆకలి వేస్తుంది. తీరిక లేనివాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే.

పూజ, ప్రార్థన, నమాజు అలవాటున్నవాళ్ళు ఇంకో పద్ధతి కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కినా, గుణదల కొండ మీద కొవ్వొత్తి వెలిగించినా, మసీదులో శుక్ర్ (కృతజ్ఞత) చెప్పుకున్నా, దేవుడికి దండం పెట్టిన తర్వాత ఆరోజు మేలు చేసిన ఒక మనిషి పేరు కూడా తలుచుకోండి. దేవుడే చేశాడని ఆపరేషన్ చేసిన డాక్టర్ని, రక్తం ఇచ్చిన కుర్రాణ్ణి మర్చిపోవడం నాకు బాధగా ఉంటుంది.

మనిషికి నేరుగా చెప్పడం

వీటన్నిటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. కష్టమైనదీ ఇదే.

మన ఇళ్ళలో ప్రేమ పనుల్లో ఉంటుంది, మాటల్లో ఉండదు. నాన్న ఫీజు కట్టడానికి బంగారం తాకట్టు పెడతాడు, మనం ఉద్యోగం వచ్చాక విడిపించి ఇస్తాం, ఇద్దరం ఏమీ అనం. అక్క తన చదువు ఆపుకుని తమ్ముణ్ణి చదివిస్తుంది, తమ్ముడు పండక్కి చీర పెడతాడు. ఇది తప్పు కాదు, చాలా అందమైన సంగతి. కానీ ఆ మనిషి తను చేసింది ఎవరైనా చూశారో లేదో తెలియకుండానే వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. చెప్పాలి.

సెలిగ్మన్ బృందం పరీక్షించిన వాటిలో కృతజ్ఞత ఉత్తరం రాసి స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వడం కూడా ఒకటి. అన్నిటికంటే పెద్ద మార్పు వెంటనే కనిపించింది దీనిలోనే. నెల దాకా ఉండి, తర్వాత తగ్గిపోయింది. రాత్రి రాసే మూడు విషయాలేమో నెమ్మదిగా మొదలై ఆర్నెల్లు నిలిచాయి. అందుకే ఈ రెంటినీ పోటీ పెట్టనక్కర్లేదు: ఉత్తరం ఏడాదికి రెండు మూడుసార్లు, నోటుబుక్ వారం వారం.

ఇబ్బందిగా ఉంటుందని భయమా? అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో సరిగ్గా ఈ భయాన్నే చూశారు. ఉత్తరం రాసినవాళ్ళు అవతలి మనిషికి ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఎక్కువ ఊహించుకున్నారు, ఎంత సంతోషిస్తారో తక్కువ ఊహించుకున్నారు. అందినవాళ్ళని అడిగితే లెక్క తారుమారైంది.

మా ఆఫీసులో ఒకాయన గుంటూరు బ్రాడీపేటలో ఉండే తన చిన్ననాటి లెక్కల మాస్టారి ఇంటికి ఇలాగే ఒక పేజీ రాసుకుని వెళ్ళాడు. మాస్టారికి వయసు మీద పడింది, చెవి సరిగ్గా వినపడదు. ఈయన గట్టిగా చదివాడు. ఫీజు కట్టలేక బడి మానేసిన నెలలో మాస్టారు సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పారని, వెళ్ళేటప్పుడు సైకిల్ లైటు లేదని వీధి చివర దాకా తోడు వచ్చేవారని అందులో ఉంది. ఆయన అంతా విని, "సైకిల్ దగ్గరది మళ్ళీ చదవరా" అన్నారట. పాఠం చెప్పిన సంగతి ఆయనకి గుర్తుంది, వీధి చివర దాకా నడిచింది గుర్తు లేదు. మనకి మేలు చేసినవాళ్ళు చాలాసార్లు ఆ మేలు మర్చిపోయి ఉంటారు. అది వాళ్ళకి తిరిగి ఇవ్వగలిగింది మనమే.

ఏం రాయాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. వాళ్ళు ఏం చేశారో, అప్పుడు నా పరిస్థితి ఏంటో, దాని వల్ల ఇవాళ నేను ఎక్కడున్నానో రాస్తే ఒక పేజీ వస్తుంది. పొగడ్తలు వద్దు, "మీరు దేవుడు" లాంటివి వినేవాళ్ళకి కూడా బరువు. ఆరోజు వాళ్ళని ఏ సాయమూ అడగకండి, అడిగితే మొత్తం పాడవుతుంది. నేరుగా వెళ్ళలేకపోతే ఫోన్, ఫోన్ కుదరకపోతే వాట్సాప్ వాయిస్ మెసేజ్. టైపు చేసిన మెసేజ్ నా వరకు చివరిది, గొంతులో ఉండే తడి అక్షరాల్లో రాదు.

చనిపోయినవాళ్ళకి, కలిసే వీల్లేనివాళ్ళకి కూడా రాయొచ్చు. జోయెల్ వాంగ్, జాషువా బ్రౌన్ బృందం కౌన్సెలింగ్ తీసుకుంటున్నవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో ఉత్తరం రాసినవాళ్ళలో 23 శాతం మందే దాన్ని పంపారు. పంపనివాళ్ళకి కూడా మేలు జరిగింది.

ఇంట్లో పనిచేసే ఆవిడ, వాచ్‌మన్, చెత్త బండి తీసుకొచ్చే మున్సిపల్ కార్మికులు, వీళ్ళ దగ్గర మాట ఒక్కటే సరిపోదని నేను గట్టిగా నమ్ముతాను. జీతం ఒకటో తారీఖున ఇవ్వడం, జ్వరం వస్తే జీతం కోయకుండా సెలవు ఇవ్వడం, ఎండలో వచ్చిన మనిషికి అడగకముందే చల్లటి నీళ్ళు ఇవ్వడం, వీటి తర్వాత చెప్పే థాంక్స్‌కి విలువ ఉంటుంది.

"లేకపోయి ఉంటే" అనుకోవడం

ఇంకో పద్ధతి, ఉన్నది లేనట్టు ఊహించుకోవడం. 2008లో మింక్యుంగ్ కూ, టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ తదితరులు దీన్ని పరీక్షించారు. తమ జీవిత భాగస్వామిని ఎలా కలిశారో రాసినవాళ్ళ కంటే, కలవకపోయి ఉంటే ఏమయ్యేదో రాసినవాళ్ళు తమ బంధం మీద ఎక్కువ తృప్తి చెప్పారు. అన్నీ అలవాటైపోయి ఏదీ కొత్తగా అనిపించనివాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఆరోజు ఆ బస్సు తప్పిపోయి ఉంటే ఈ స్నేహితురాలు నాకు పరిచయమయ్యేదా అని పది నిమిషాలు ఆలోచిస్తే చాలు.

విజయవాడలో దీన్ని కొంచెం జాగ్రత్తగా వాడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్ళింది. చుట్టూ నీళ్ళు ఉండి తాగడానికి చుక్క లేక మేడ మీద ఎదురుచూసినవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళని "నీళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి" అనకూడదు. అది అభ్యాసం కాదు, గాయాన్ని కెలకడం. వాళ్ళలో ఎవరైనా ఆ రోజుల్లో పడవలో పాల ప్యాకెట్లు తెచ్చినవాళ్ళ గురించి తమంతట తాము చెప్తే కూర్చుని వినండి. అడిగి చెప్పించకండి.

"మనకన్నా లేనివాళ్ళని చూసి తృప్తి పడు" అనే సలహాని కూడా నేను ఒప్పుకోను. పక్కవాడి కష్టం మన మనశ్శాంతికి వాడుకునే వస్తువు కాకూడదు. పైగా అందులో ఎవరి వల్ల అన్న ప్రశ్నకి చోటే లేదు.

పిల్లలున్న ఇంట్లో

రాత్రి అందరూ కలిసి తినేటప్పుడు ఒక్కొక్కరూ ఆరోజు తమకి ఎవరు సాయం చేశారో చెప్పుకోవడం బాగుంటుంది. పెద్దవాళ్ళు ముందు చెప్పాలి. పిల్లలు చెప్పకపోతే వదిలేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. విజయవాడ, గుంటూరు అంటే ఇంటర్ కాలేజీలు, హాస్టళ్ళు, ర్యాంకులు. "నీ కోసం ఇంత ఖర్చు పెడుతున్నాం, ఆ కృతజ్ఞతైనా ఉండాలి కదా" అన్న మాట పదహారేళ్ళ పిల్లల మీద ఎంత బరువు పెడుతుందో అనే మనకి తెలియదు. అడిగి పుచ్చుకునేది బాకీ అవుతుంది. పిల్లలు కృతజ్ఞత నేర్చుకోవాలంటే మనం వాళ్ళకి చెప్పాలి: "నిన్న తాతయ్యకి మందులు గుర్తు చేశావు, నాకు చాలా సాయమైంది" అని.

ఏదీ వద్దనుకోవాల్సిన సమయాలు

2021లో డేవిడ్ క్రెగ్, జెనిఫర్ చీవెన్స్ 27 అధ్యయనాలని కలిపి చూశారు. డిప్రెషన్, యాంగ్జైటీ లక్షణాలు తగ్గించడంలో కృతజ్ఞత అభ్యాసాల ప్రభావం కొద్దిగానే ఉందని తేలింది. కాబట్టి వారాల తరబడి నిద్ర లేకుండా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉన్న మనిషికి నోటుబుక్ ఇచ్చి సరిపెట్టకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, లేదా ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయించండి. అక్కడ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకి "ఉన్నదానికి సంతోషించమ్మా" అని చెప్పేవాళ్ళు ఈ అలవాటుకే చెడ్డపేరు తెస్తున్నారు. ఆమెకి కావాల్సింది 181 మహిళా హెల్ప్‌లైన్, అండగా నిలబడే నలుగురు మనుషులు. అలాగే కొత్తగా ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళకి దుఃఖపడే సమయం ఇవ్వాలి. జ్ఞాపకాలు తీపిగా మారే రోజు దానంతట అదే వస్తుంది, తొందరపెట్టకూడదు.

ఇవేవీ కాని మామూలు రోజుల్లో ఉన్నవాళ్ళు, తీరిక లేకపోతే అన్నం ముందు నిమిషంతో మొదలుపెట్టండి, రాయడం ఇష్టమైతే ఆదివారం నోటుబుక్‌తో. నెల గడిచాక విసుగు పుడితే పద్ధతి మార్చేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. మార్చే ముందు మాత్రం రాసిన పేజీలు ఒకసారి తిరగేయండి, రాయనివాళ్ళు గుర్తు చేసుకోండి. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే ఆ మనిషికి ఈ వారమే ఫోన్ చేయండి. పెద్దవాళ్ళయితే సాయంత్రం ఐదు, ఆరు మధ్య చేయండి, మధ్యాహ్నం కునుకు అయిపోయి, సీరియల్స్ ఇంకా మొదలవకుండా తీరిగ్గా ఉంటారు.